ముందు ఊళ్ళో ఆపుతాను

“మా ఆవిడది ఒంటె జాతండీ. ఒకసారి ఎక్కిందంటే మళ్ళీ బసకి చేరేదాకా దిగదు. ఆడవాళ్ళతో ప్రయాణం తలనొప్పి అంటారు గానీ, నాకా బాధ లేదు,” అని మా ఆయన ఎదురింటి మాస్టారితో అంటున్నప్పుడు నేను కార్లో నా సీటు దగ్గర నీళ్ళ సీసాలు సర్దుతున్నాను. పొద్దున్న ఆరు కావస్తోంది. మాస్టారు నవ్వారు. వాళ్ళావిడ చీపురు చేత్తో పట్టుకునే నవ్వింది. నేనూ నవ్వాను. పెళ్ళయిన ఈ ఇరవై తొమ్మిదేళ్ళలో ఆ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మొదట్లో పొగడ్త అనుకుని నవ్వేదాన్ని. తర్వాత్తర్వాత నవ్వకపోతే ఏం బాగుంటుందని నవ్వేదాన్ని. ఇప్పుడు ముఖమే దానంతటది నవ్వేస్తుంది, నన్నడగదు.

సీసాలు ఆరు. ఆరూ ఆయనకే. ఆయన స్టీరింగు పట్టుకుంటే అరగంటకోసారి చెయ్యి చాపుతారు, నేను మూత తీసి అందించాలి, తాగాక మూత పెట్టాలి. నేను మాత్రం పొద్దున్న బీపీ మాత్ర మింగడానికి రెండు గుక్కలు తాగి గ్లాసు బోర్లించేశాను. ప్రయాణం అంటే ముందురోజు సాయంత్రం నుంచే గొంతు తడుపుకోవడం మానేస్తాను. ఎవరూ నేర్పలేదు. అంటే, నేర్పారనే చెప్పాలి. పెళ్ళయిన నాలుగోరోజు చుట్టాలింటికి అద్దెకారులో వెళ్తుంటే మా అత్తగారి చెవిలో మెల్లిగా చెప్పాను, కాస్త ఆపిస్తారా అని. ఆవిడ నా వైపు చూడకుండానే, “ముందు సీట్లో మావగారున్నారు, బావగారున్నారు. వాళ్ళతో ఏమని చెప్పమంటావు? ఆడదానికి ఆ మాత్రం ఓర్పు లేకపోతే ఎలా?” అన్నారు. ఆ రోజు ఓర్చుకున్నాను. ఓర్చుకోవచ్చని తెలిసింది. అదే నా ఖర్మకొచ్చింది.

ఆఫీసూ అంతే. భూముల రికార్డుల ఆఫీసులో గుమాస్తాని. పదకొండుమంది మగవాళ్ళకి వెనకవైపు ఉంది. మా ఇద్దరాడవాళ్ళకీ మేడమెట్ల కింద ఒకటుంది గానీ, దాని తాళంచెవి సూపరింటెండెంటు గారి సొరుగులో ఉంటుంది. ఎవరో పాడుచేస్తున్నారని ఆయన దగ్గర పెట్టుకున్నారు. వెళ్ళి ఆయన టేబులు ముందు నిలబడాలి. ఎదురుగా ఎవరో రైతు కూర్చుని ఉంటాడు, పక్కన ఇంకెవరో. ఆయన సొరుగు లాగుతూ, “మళ్ళీనా అమ్మా?” అంటారు. చెడ్డమనిషి కాదు, మామూలుగానే అంటారు. ఆ ‘మళ్ళీ’ వినకుండా ఉండాలంటే ఒకటే దారి. రెండో ఆవిడ బదిలీ చేయించుకుని వెళ్ళిపోయాక నేను రోజుకి ఒక్కసారి, మధ్యాహ్నం భోజనాలప్పుడు తప్ప ఆ చెవి అడగలేదు. కొన్నాళ్ళకి అది కూడా మానేశాను. ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండా పరిగెత్తేదాన్ని. మా అమ్మాయి చిన్నప్పుడు నా కాళ్ళకి చుట్టుకుంటే దాన్ని తోసేసి మరీ వెళ్ళిన రోజులున్నాయి.

మా ఆయన వంతెనల ఇంజనీరు. రెండు నెలల క్రితం రిటైరయ్యారు. స్నేహితులు ఆయన్ని ‘పైలట్’ అంటారు, బండి అంత బాగా నడుపుతారు. రిటైరయ్యాక చేయాలనుకున్న పని ఒకటే. తీరం వెంట దక్షిణాది రాష్ట్రాలన్నీ దిగుతూ చివరిదాకా వెళ్ళి, లోపలి జిల్లాల మీదుగా తిరిగి రావడం. పన్నెండు రోజులు. దారిలో ఉన్న పెద్ద వంతెనలన్నీ చూడటం. రిటైరవకముందు నుంచే మూడు నెలలు మ్యాపులు ముందేసుకుని కూర్చున్నారు. ఏ రోజు ఎన్ని కిలోమీటర్లు, ఏ ఊళ్ళో టిఫిను, ఏ ఊళ్ళో బస, ఏ వంతెన మీద ఎండ ఎటువైపు పడుతుంది, అన్నీ రాసుకున్నారు. “ఇదంతా నీకోసమే. ఎప్పుడూ ఎక్కడికీ తీసుకెళ్ళలేదని పోరు పెడతావుగా,” అన్నారు. నిజానికి నేను పోరు పెట్టలేదు. ఎప్పుడో ఒకసారి, సముద్రం ఒడ్డున ఒక రోజంతా ఊరికే కూర్చోవాలని ఉందని అన్నాను. అంతే.

సముద్రం కనిపించింది. రెండోరోజు నుంచి నాలుగోరోజు దాకా కిటికీ పక్కనే పరిగెత్తింది. ఉప్పు మడులు, బోర్లా పడుకోబెట్టిన పడవలు, వలలు ఆరేసిన తాళ్ళు, ఒకచోట ఎర్రగీతల లైట్‌హౌసు. కారు మాత్రం వంతెనల దగ్గరే ఆగేది. నది సముద్రంలో కలిసే చోట ఒక పాత వంతెన ఉంటే అక్కడ ముప్పావుగంట ఆగాం. ఆయన కిందికంటా దిగి స్తంభాలు తట్టి చూశారు, అడుగులతో పొడవు కొలిచారు. నన్ను రైలింగు దగ్గర నిలబెట్టి ఫోటో తీశారు, వంతెన ఎంత ఎత్తో తెలియడానికి. తర్వాత స్తంభం చాటుకి వెళ్ళి, ప్యాంటు సర్దుకుంటూ పైకొచ్చి, “ఆహా, ఏం గాలి!” అన్నారు. మగాడికి ఊరంతా గోడలే అని మా అమ్మ అనేది. నేను గడ్డివైపు చూశాను. గడ్డి మోకాలెత్తు కూడా లేదు. రోడ్డు మీద బస్సులు పోతున్నాయి. ఆయన బండి స్టార్టు చేశాక, ఎక్కడైనా ఆపుతారా అన్నాను. “ఇప్పుడేగా ఆగాం? చెప్పాల్సింది,” అన్నారు. “సరే, ముందు ఊళ్ళో మంచి హోటలుంది, అక్కడ ఆపుతాను.” ముందు ఊరు వచ్చింది. ఆ ఊరికి బైపాసు వేశారట, ఆయన చూసిన మ్యాపులో లేదట. కొత్తరోడ్డు చూసి ఆయన ముఖం విప్పారిపోయింది. ఊరు మా ఎడమపక్కన దూరంగా వెళ్ళిపోయింది, నీళ్ళట్యాంకులు, మేడలు, వాటిల్లో ఎన్ని వందల బాత్రూములో.

నేను మళ్ళీ అడగలేదు. ఎందుకడగలేదని ఎవరైనా అంటే ఏం చెప్పను? అడగడానికి నాకు మాటే లేదు. ఆలోచించి చూస్తే ఇరవై తొమ్మిదేళ్ళలో ఆయన దగ్గర ఆ మాట పేరు పెట్టి అనలేదు. “కాస్త ఆపుతారా” అంటాను, “దిగాలి” అంటాను, “పని ఉంది” అంటాను. ఆయన దాన్ని ఏదో చిన్న సరదా కింద తీసుకుంటారు, దారిలో పువ్వులు కొనుక్కోవాలన్నట్టు. ఒక అవసరానికి పేరు లేకపోతే దాని నొప్పికి కూడా ఎవరూ ఆగరు.

నాలుగోరోజు పెట్రోలు బంకులో ఆపారు. అక్కడ ఆడవాళ్ళ బొమ్మ వేసిన తలుపుంది. గుండె తేలికపడి దాదాపు పరిగెత్తాను. తాళం. బంకులో ముసలాయన్ని అడిగితే, దాన్లో నూనె డబ్బాలు పెట్టుకున్నామమ్మా, చెవి యజమాని దగ్గరుంది, ఆయన ఊళ్ళో లేడన్నాడు. ఆ చెప్పడంలో చాలా మర్యాద ఉంది. వెనక్కి వెళ్ళి చూశాను. గోడ వెంబడి నలుగురు లారీవాళ్ళు వరసగా అటు తిరిగి నిలబడి ఉన్నారు. నేనే తప్పు చేసినట్టు తల దించుకుని తిరిగొచ్చాను. కార్లో కూర్చోగానే ఆయన, “అయిందా?” అన్నారు. అవలేదంటే ఎందుకని అడుగుతారు. తాళం అంటే, బంకువాడితో గొడవ పెట్టుకుంటారు. గొడవయ్యాక ముందు ఊళ్ళో ఆపుతానంటారు. ఆ వరసంతా ఒక్కసారి కళ్ళముందు తిరిగి, “ఆఁ” అన్నాను. ఆయన గేరు మార్చారు. ఆ ‘ఆఁ’ గురించి నేను ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. ఆయన ఆపకపోవడం సరే, ఆపినప్పుడు నేను చెప్పిన అబద్ధం మాటేమిటి?

అయిదోరోజు తీరం వదిలి లోపలికి తిరిగాం. గాలిలో తడి పోయింది. రెండువైపులా ఎర్రనేల, రాళ్ళగుట్టలు, మధ్యలో ఉక్కులా కాలే రోడ్డు. ఆ పొద్దున్న బసలో మొదటిసారి మంట తెలిసింది. గాజుముక్కలు దిగినట్టు. కళ్ళనీళ్ళు తిరిగి కొళాయి పట్టుకుని నిలబడ్డాను. బయటికొచ్చి నడుం నొప్పిగా ఉందని మాత్రం చెప్పాను. మా ఆయన వెంటనే మంచం మీది దిండు తీసి నా సీటుకి పెట్టారు. ఊరు దాటేలోపు దిండు వాళ్ళదని గుర్తొచ్చి వెనక్కి తిప్పి ఇచ్చేసి, బజారులో ఒక మెత్త కొన్నారు. ఆయనలో ఈ మంచితనం ఉంది. అందుకే నా కష్టం ఎవరికీ అర్థం కాదు. కొట్టే మొగుడైతే నలుగురు అయ్యో అంటారు. ఆయన మధ్యాహ్నం ఎండలో దిగి వెళ్ళి నాకోసం పుచ్చకాయ ముక్కలు తెచ్చారు, చల్లగా, ఎర్రగా. నేను రెండు ముక్కలు తిని మిగిలినవి ఒళ్ళోనే పెట్టుకున్నాను. తింటే ఏమవుతుందో నాకు తెలుసు. “అంత వెతికి తెస్తే ముట్టుకోవేం?” అని ఆయన నొచ్చుకున్నారు. ఆ సాయంత్రమంతా ముభావంగా ఉన్నారు. నాకు జ్వరం మొదలైంది. ఏసీ తగ్గించమన్నాను. ఆయన తగ్గించి, తానే చెమటలు కక్కుతూ నడిపారు.

ఏడోరోజు పొద్దున్న పదకొండింటికి ఒక పెద్ద రిజర్వాయరు మీది వంతెన ఎక్కాం. ఈ ప్రయాణంలో ఆయన అన్నిటికంటే ఎక్కువగా ఎదురుచూసింది దాన్నే. రెండున్నర కిలోమీటర్లు. సరిగ్గా మధ్యకి వచ్చేసరికి ముందు బళ్ళు ఆగిపోయాయి. ఎక్కడో లారీ ఇరుసు విరిగిందట. పది నిమిషాలయ్యాక వెనక కూడా బళ్ళు నిండిపోయాయి. ఆయనకి పండగలా ఉంది. దిగి వంతెన అతుకులు చూశారు. వంగి వేళ్ళు పెట్టి కొలిచారు. పక్కనున్న లారీ డ్రైవర్లకి, ఎండకి వంతెన ఎలా సాగుతుందో, ఆ సందు వదలకపోతే ఎలా పగులుతుందో చెప్పసాగారు. వాళ్ళు నోళ్ళు తెరుచుకుని విన్నారు. “ఎంత గట్టిదైనా దానికి కాస్త సందివ్వాలయ్యా, లేకపోతే విరుగుతుంది,” అంటున్నారు.

నేను కార్లో వణుకుతున్నాను. రెండు పక్కలా రైలింగు, రైలింగు అవతల కళ్ళు మిరుమిట్లు గొలిపే నీళ్ళు, కారు చుట్టూ మగవాళ్ళు. పొద్దుటి నుంచి ఒక్క చుక్క తాగలేదు, అయినా పొత్తికడుపులో కత్తి పెట్టి తిప్పుతున్నట్టుంది. అద్దం దించి ఆయన్ని పిలిచాను. ఆయన చెయ్యెత్తి ఒక్క నిమిషం అన్నట్టు చూపించారు. మళ్ళీ పిలిచాను. ఒక డ్రైవరు నావైపు చూసి ఆయనకి చెప్పాడు, ఆయన నవ్వుతూ, “వస్తున్నా, ఈ ఎండలో తొందరపడి ఎక్కడికెళ్తాం?” అన్నారు. నేను కాళ్ళు దగ్గరగా ముడుచుకుని, పళ్ళు బిగబట్టి, అంకెలు లెక్కపెట్టాను. వంద, రెండువందలు. మూడువందల నలభై దాకా గుర్తుంది. తర్వాత నా ఒళ్ళు నా మాట వినలేదు.

వెచ్చగా ఉంది, అది బాగా గుర్తు. అంత మంటలోనూ ఒక్క క్షణం హాయిగా ఉంది. ఆ హాయికే నాకు ఏడుపొచ్చింది. చీర, లంగా, సీటు, సీటు మీద ఆయన పెట్టిన మెత్త. యాభై ఒక్కేళ్ళ ఆడదాన్ని, ఉద్యోగం చేసేదాన్ని, పెళ్ళీడుకొచ్చిన కూతురున్నదాన్ని. కొంగు తీసి కాళ్ళ మీద కప్పుకుని, అలా నేరుగా ముందున్న లారీ వెనక తలుపులు చూస్తూ కూర్చున్నాను.

ఆయన వచ్చి తలుపు తీశారు. వాసన తెలిసింది. నావైపు చూశారు, సీటువైపు చూశారు. 

“ఏంటిది?” అన్నారు. నేను కొంగు ఇంకాస్త కిందికి లాక్కున్నాను. మెల్లిగా, “కవర్లు మొన్నేగా వేయించాం,” అన్నారు.

కోప్పడలేదు. నిజానికి అదే మాట ఇంకోసారి అనలేదు కూడా. అద్దాలన్నీ దించారు. వెనక సీట్లోంచి తువ్వాలు తీసి నాకిచ్చారు. బళ్ళు కదిలేదాకా బయటికే చూస్తూ కూర్చుని, కదిలాక చాలా ప్రేమగా, “పర్లేదులే. నేనెవరికీ చెప్పను,” అన్నారు. నా నేరాన్ని ఆయన దాచిపెడుతున్నారు. ఆయన దయకి నేను రుణపడాలి. తువ్వాలు నోట్లో కుక్కుకున్నాను.

వంతెన దిగాక వచ్చిన ఊళ్ళో నాకు స్పృహ సరిగ్గా లేదు. చలి, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. ఆయన నిజంగా భయపడ్డారు. నన్ను నర్సింగ్‌హోముకి ఎత్తుకెళ్ళినంత పని చేశారు. నర్సు నా బట్టలు మార్చి, సెలైను పెట్టింది. డాక్టరమ్మ మా అమ్మాయి కంటే రెండేళ్ళు పెద్దదేమో, మనిషి సన్నగా, మాట వేగంగా ఉంది. ఎన్ని రోజుల నుంచి జ్వరమంటే ఆయన చెప్పారు. తిండి బాగా తింటుందా అంటే ఆయన చెప్పారు. మంట ఎప్పటి నుంచి అంటే, ఆయన నా వైపు తిరిగి, “మంటా? నీకు మంటుందా?” అన్నారు. డాక్టరమ్మ స్కాను చేయించి, కాగితం చూసి, ఆయన్ని కాసేపు బయట కూర్చోమంది.

ఆయన వెళ్ళాక, రోజుకి ఎన్ని గ్లాసులు తాగుతారు అంది. మామూలుగానే తాగుతానన్నాను. ఆవిడ కలం పక్కన పెట్టింది.

“నిజం చెప్పండి.”

“ఇంటి దగ్గరుంటే నాలుగు. ఆఫీసు రోజుల్లో రెండు. ప్రయాణాల్లో తాగను.”

“ఎన్నాళ్ళ నుంచి?”

పెళ్ళయినప్పటి నుంచి అని నోటిదాకా వచ్చింది. చాలా ఏళ్ళ నుంచి అన్నాను. ఆవిడ తలూపింది, ఆశ్చర్యపడలేదు. ఇన్ఫెక్షను మందులకి తగ్గిపోతుందట. కానీ ఎడమ కిడ్నీ ముడుచుకుపోయి చిన్నదైపోయిందట, అది ఈ వారంలో జరిగింది కాదట, ఏళ్ళ తరబడి మళ్ళీమళ్ళీ లోపల చీము పట్టి, మానిన మచ్చలట. మీకు ఎప్పుడూ తెలియలేదా అంది. తెలిసే ఉంటుంది. ఏడాదికి రెండు మూడుసార్లు నడుం పట్టేసి జ్వరం వచ్చేది, వయసు అనుకున్నాను, వంటింట్లో నిలబడటం అనుకున్నాను. రెండోదాన్ని కాపాడుకోవాలి, రోజుకి మూడు లీటర్లు తాగాలి, వచ్చినప్పుడల్లా వెళ్ళాలి, ఆపుకోకూడదు అని చెప్పి ఆవిడ లేచింది. బయట నలభైమంది ఎదురుచూస్తున్నారు. వచ్చినప్పుడల్లా వెళ్ళాలి. ఎంత చిన్న మాట. రాజ్యం రాసిచ్చేస్తానన్నట్టు వినిపించింది నాకు.

మూడు రోజులు అక్కడే ఉన్నాం. ఆయన నా కాళ్ళు పట్టారు, మందులు టైముకి ఇచ్చారు, కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. మిగిలిన వంతెనలన్నీ రద్దు చేసుకున్నారు. వరండాలో తిరుగుతూ ఫోన్లు చేశారు. కిటికీ నా తల దగ్గరే ఉంది. మొదటి ఫోను వాళ్ళ చెల్లెలికి. “నీళ్ళు తాగవే తాగవే అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో. వింటేగా? మొండిది,” అన్నారు. రెండో ఫోను స్నేహితుడికి. అందులో నేను ఇంకాస్త మొండిదాన్నయ్యాను. మూడో ఫోనుకి, ఆయన రోజూ గ్లాసు పట్టుకుని నా వెంట తిరిగిన సంగతి కూడా చేరింది. అబద్ధమాడుతున్నారని నేననుకోను. చెబుతూ చెబుతూ ఆయనకది నిజమైపోయింది. తర్వాత మా ఆడపడుచు నాతో మాట్లాడతానంది. “వదినా, నువ్వేమన్నా చిన్నపిల్లవా? అన్నయ్య ఎలా అల్లాడిపోతున్నాడో చూడు. కనీసం అన్నయ్య కోసమైనా తాగు,” అంది. సరేనన్నాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. నేను చించుకుంటే ఎవరి కాళ్ళ మీద పడాలి?

మా అమ్మాయి వేరే ఊళ్ళో ఉద్యోగం చేస్తుంది. అది ఫోనులో ఏడ్చింది. వచ్చేస్తానంది. వద్దన్నాను. అది ఏడుపాపి, ముందే ఎందుకు చెప్పలేదమ్మా అంది. జవాబు చెప్పబోయి, నువ్వు ఆఫీసులో నీళ్ళు తాగుతున్నావా అన్నాను. “మీటింగులుంటాయి కదమ్మా. మధ్యలో లేస్తే బాగోదు,” అంది. ఇద్దరం చాలాసేపు ఫోను చెవి దగ్గరే పెట్టుకుని ఉన్నాం.

నాలుగోరోజు పొద్దున్న బయల్దేరాం. ఇంటికి ఆరువందల కిలోమీటర్లు, మధ్యలో ఒక రాత్రి బస. ఆయన రాత్రంతా కూర్చుని కొత్త పట్టిక తయారు చేశారు. గళ్ళ కాగితం మీద, ఆ ముత్యాల్లాంటి అక్షరాలతో. తొమ్మిదింటికి అరలీటరు, తొమ్మిదిన్నరకి పావు, పదకొండింటికి ఆగడం. ఒంటిగంటకి ఆగడం. మూడింటికి ఆగడం. ఆగే చోట్ల పేర్లు కూడా రాశారు, ముందే ఫోను చేసి కనుక్కున్నారట. కాగితం నా చేతికిస్తూ ఆయన కళ్ళు మెరిశాయి. జీవితంలో మొదటిసారి నా ఒంటి గురించి ఆయన ఒక ప్లాను గీశారు. కాగితం మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను.

పదకొండింటికి ఒక హోటల్లో ఆగాం. ఆయన నాకంటే ముందు లోపలికెళ్ళి, కౌంటరులో కూర్చున్న మనిషితో, వినపడేలా, “మా ఆవిడ కిడ్నీ పేషెంటండీ, కాస్త బాత్రూం చూపించండి,” అన్నారు. తింటున్నవాళ్ళు తలలెత్తారు. నేను వాళ్ళ మధ్యనుంచి నడిచి వెళ్ళాను. బయటికొచ్చేసరికి ఆయన గడియారం చూసుకుని, “వెరీగుడ్. నాలుగు నిమిషాలు,” అన్నారు. తర్వాత వాటరు బాటిలు అందించి ఎంత తాగానో గీత చూశారు.

ఇంత నీళ్ళు తాగిన ఒళ్ళు కాదు నాది. పన్నెండుం పావుకే మొదలైంది. పట్టిక చూశాను. ఒంటిగంట. కాస్త ఆపుతారా అన్నాను.

“ఇంకా నలభై అయిదు నిమిషాలుంది. డాక్టరు రెండు గంటలకోసారి అంది కదా?”

డాక్టరు అలా అనలేదు. వచ్చినప్పుడల్లా అంది. ఆ మాట అన్నప్పుడు ఆయన బయట ఉన్నారు. అదే చెప్పాను. ఆయన ఓపిగ్గా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పారు. ఒళ్ళు అలవాటు పడాలట, ఎప్పుడంటే అప్పుడు ఆగితే క్రమశిక్షణ పోతుందట, ముందు ఊళ్ళో ఎలాగూ ఆపుతారట. నేను కిటికీలోంచి చూశాను. నిస్సహాయత అంటే ఏదో పెద్ద కష్టమొచ్చినప్పుడు కలిగేది అనుకునేదాన్ని. ఇంత చిన్నదానికి, ఇంత మంచి మనిషి పక్కన, ఇంత మెత్తటి సీట్లో కూర్చుని కూడా కలుగుతుందని తెలియలేదు. ఆయన ఆపనప్పుడు నాకు దారి లేదు. ఆపినప్పుడు కూడా దారి లేదు. రెండిట్లోనూ బ్రేకు ఆయన కాలి కిందే ఉంది.

కాసేపటికి టోలు గేటు దగ్గర బళ్ళు బారులు తీరాయి. కారు ఆగింది, అంగుళం కదిలింది, ఆగింది. రోడ్డుకి ఎడమపక్కన చిన్న ఇళ్ళు నాలుగున్నాయి. మొదటి ఇంటి ముందు ఒకావిడ బట్టలు ఉతుకుతోంది. ముప్పై అయిదేళ్ళుంటాయి, చీర మోకాళ్ళ దాకా దోపుకుంది.

“నాకు ఉచ్చ వస్తోంది,” అన్నాను. 

ఆయన ఉలిక్కిపడి నావైపు తిరిగారు. నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఎవరో పసిపిల్ల అన్నట్టుంది. ఆయన ఏం మాటలవి అన్నారు. ఇంకో ఇరవై నిమిషాలు అన్నారు. నేను హ్యాండ్‌బ్యాగు తీసుకుని తలుపు తెరిచి దిగాను. వెనకనుంచి ఆయన పిలుస్తున్నారు, ముందు బళ్ళు కదిలాయి, వెనకాయన హారను కొట్టాడు. ఆయన కారు వదిలి రాలేరు, ముందుకి పోక తప్పదు. అది ఆలోచించి దిగలేదు నేను. దిగాక తెలిసింది.

ఆవిడ నన్ను చూసి, నేను నోరు తెరవకముందే సబ్బు చేతులు దులుపుకుని లేచింది. “ఇంటి వెనక, రేకు తలుపు. తొట్లో నీళ్ళున్నాయి. గడియ కొంచెం గట్టిగా ఉంటుంది, పైకెత్తి లాగాలి,” అంది. ఇంకేమీ అడగలేదు. గడియ పైకెత్తి లాగాను. లోపల చీకటి, పైన రేకు సందులోంచి ఒక వెలుతురు గీత. మంట ఇంకా ఉంది. బయట రోడ్డు మీద హారన్లు. నేను తొందరపడలేదు. ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు, ఎవరూ గడియారం చూడలేదు.

బయటికొచ్చేసరికి ఆవిడ అరుగు మీద ఒక చెంబుతో మంచినీళ్ళు పెట్టింది. కూర్చున్నాను. టోలు గేటు అవతల, రోడ్డు పక్కన మా కారు ఆగి ఉంది. ఆయన దిగి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఎండకి చెయ్యి అడ్డుపెట్టుకుని వెతుకుతున్నారు. చిన్నగా కనిపిస్తున్నారు. చూస్తే జాలేసింది. వెళ్ళి ఎక్కుతానని ఆయనకి తెలుసు. నాకూ తెలుసు. ఎక్కకపోతే ఏం చేస్తాను? ఇల్లు అక్కడే ఉంది, ఆఫీసు అక్కడే ఉంది, సొరుగులో తాళంచెవి అక్కడే ఉంది. ఈ ఒక్కరోజు ఎక్కకపోతే మాత్రం ఏం మారుతుంది? ఆయన మరో ముగ్గురికి ఫోను చేస్తారు. నేను మొండిదాన్నే కాక పిచ్చిదాన్ని కూడా అవుతాను. చెంబు ఎత్తి తాగాను. సగం తాగి ఊపిరి తీసుకుని, మిగిలిన సగం కూడా తాగాను. ఆయన నన్ను చూశారు. చెయ్యి ఊపారు, రమ్మని. తర్వాత మావైపు నడవడం మొదలుపెట్టారు.

ఆవిడ మళ్ళీ బట్టల దగ్గర కూర్చుని ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది.

“ఇక్కణ్ణుంచి బస్సులుంటాయా అమ్మా?” అన్నాను. మా ఊరి పేరు చెప్పి, అటువైపు వెళ్ళేది ఏదైనా సరే అన్నాను.

“గంటకొకటి ఉంది. ఇక్కడే చెయ్యెత్తితే ఆపుతాడు,” అంది. ఉతుకుతున్న చొక్కా పిండి, ఇంకోసారి నా ముఖంలోకి చూసింది. “కానీ అది పాసింజరు బస్సమ్మా. అడిగినచోటల్లా ఆగుతుంది.”

“ఆగనీ,” అన్నాను.